మా మామ, నేను, మధ్యలో కోళ్లు

ఆ రోజుల్లో కొత్త కోడలికి నోరు ఉండేది గానీ, దాన్ని వాడుకునే చోటు ఉండేది కాదు. మామ వసారాలోకి వస్తే కోడలు వంటింట్లోకి జరగాలి, ఆయన వాకిట్లోకి దిగితే ఈమె వసారాలోకి రావచ్చు. ఒకే కప్పు కింద ఉంటూ ఒకరి కంట ఒకరు పడకుండా తిరగడం మా కాలపు ఆడవాళ్లకు బియ్యం చెరిగినంత అలవాటైన పని. ఇక మాట్లాడటమనే ఊసే లేదు. కాపురానికి వచ్చిన చాలా నెలల వరకు నాకు మా మామ దగ్గు తెలుసు, ఆయన పాదాలు తెలుసు (తల వంచుకుని నడిచేదానికి కనిపించేవి అవే కదా), ముఖం మాత్రం మీసాల వరకే తెలుసు. అలాంటి మామతో నేను నోరారా మాట్లాడే రోజు వచ్చిందంటే ఆ పుణ్యమంతా మా అత్త పెంచిన కోళ్లది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే మా మామకు ఒక దండం పెట్టుకోవాలనిపిస్తుంది.

నేను కోదాడ పిల్లను. మా నాయన బట్టలు కుట్టేవాడు. ఇల్లు బజారు మీదే ఉండేది. ముందర అరుగు మీద కుట్టు మిషను, వెనక వైపు పక్కింటి వాళ్ల గోడ, మధ్యలో మేము. కోళ్లు పెంచడానికి కాదు కదా, చీపురు ఆరేసుకోవడానికి కూడా పెరడు లేదు. కానీ మనుషులకు కొదవ లేదు. జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషితోనూ కబుర్లు చెప్పి, కుట్టడం ఆలస్యమైన సంగతి మరిపించడం నా పని. ఆ పని నేను చాలా బాగా చేసేదాన్నని మా నాయన అనేవాడు. పదహారేళ్లకు నన్ను సూర్యాపేటలో ఇచ్చారు. కోదాడ ఆంధ్ర సరిహద్దు ఊరు కాబట్టి మా మాట తీరు వేరు. అక్కడ నేను "తిన్నారా, వచ్చారా" అంటుంటే చుట్టుపక్కల ఆడవాళ్లు పని ఆపుకుని వచ్చి వినిపోయేవారు. "ఇంకొకపారి అనవే, ఎంత మంచిగున్నదో" అని అడిగి మరీ అనిపించుకునేవారు. రాను రాను నాకు సిగ్గేసి నోరు విప్పడమే తగ్గించేశాను. మా ఆయన ధాన్యం దుకాణంలో గుమాస్తా. పొద్దున పోతే పొద్దుగూకేదాకా రాడు. మా మామకు చివ్వెంల వైపు కొంచెం చేను ఉండేది. మోకాళ్లు మొరాయించి, కళ్లకు పొరలు కమ్మాక దాన్ని కౌలుకిచ్చి, వాకిట్లో నులక మంచం మీద కూర్చునేవాడు. ఇంట్లో రాజ్యం మా అత్తది. ఆమె తర్వాత పెరట్లో కోళ్లవి. ఆ తర్వాత నాది.

నేను చెప్పే సంగతి నిజాం మీద పోలీసు యాక్షన్ అయిపోయిన కొత్తలో జరిగింది. రోడ్ల మీద ఇంకా మిలిటరీ లారీలు తిరుగుతుండేవి. మిర్యాలగూడలో మా ఆడబిడ్డకు నెలలు నిండాయి. మామూలు రోజులైతే పురిటికి పుట్టింటికి తెచ్చుకునేవాళ్లే. ఆ గడబిడలో బండి కట్టి, మూసీ దాటించి, నిండు చూలాలిని తీసుకురావడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మా అత్తే అక్కడికి బయల్దేరింది. పోయే ముందు నన్ను కోళ్ల గూడు దగ్గరికి పిలిచి, "సూడు బిడ్డా, పొద్దుగాల గూడు తలుపు తియ్యి, పొద్దుగూకంగ గుప్పెడు జొన్నలు సల్లు. గంతే. నడిమిట్ల అవే తిరిగి ఏరుకొని తింటయ్. గుడ్లు జమచేసి వారం వారం బండాయనతోని పంపు. బాలింతకు రోజు గుడ్డు పెడితెనే లేస్తది. అంగట్ల గుడ్డు దొరకుతలేదు" అని చెప్పింది. అది నిజమే. ఊళ్లో మిలిటరీ క్యాంపు పడ్డప్పటి నుంచి అంగట్లోకి గుడ్డు రావడం ఆలస్యం, వాళ్ల వంటవాడు గంపతో సహా కొనుక్కుపోయేవాడు. కాబట్టి మా ఆడబిడ్డ ఆరోగ్యం మా పెరట్లో కోళ్ల మీద, ఆ కోళ్లు నా మీద ఆధారపడ్డాయి.

అత్త బండి కదిలిపోయాక నేను గూడు ముందు నిలబడి ఆలోచించాను. అన్ని కోళ్లకు కలిపి గుప్పెడు జొన్నలా. అత్త చెయ్యి పెద్దదే అనుకున్నా అన్యాయం కదా. పుట్టింట్లో నేను నేర్చుకున్న లెక్క ఏమిటంటే, మనిషికి ఎంత బాగా పెడితే అంత బాగా పని చేస్తాడు. మా నాయన కూడా కడుపు నిండిన రోజే గుండీలు సరిగ్గా కుట్టేవాడు. కోడికి మాత్రం వేరే న్యాయం ఎందుకుంటుంది. అత్త తిరిగొచ్చే నాటికి గుడ్లు ఒక్కొక్కటి నిమ్మకాయంత నుంచి బత్తాయంత కావాలి, "మా కోడలు చేతి చలవ" అని ఆమె నలుగురిలో చెప్పుకోవాలి అనుకున్నాను. మా ఆయన దుకాణం నుంచి తెచ్చే నూకలు మెత్తగా వండి, ఉప్పు తగలకుండా చల్లార్చి, పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత, సాయంత్రం జొన్నలతో కలిపి ఒక విడత పెట్టడం మొదలుపెట్టాను. పైగా గద్దలు తన్నుకుపోతాయనీ, మిలిటరీ వాళ్లు పట్టుకుపోతారనీ భయపడి, వాటిని పెరడు దాటనివ్వకుండా తడికెలు కట్టించి లోపలే ఉంచాను. (ఆ కాలంలో మా ఇంట్లోనే వరన్నం పండక్కి తినేవాళ్లం, మిగతా రోజులు జొన్న గట్కే. ఈ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.)

కోళ్లు నన్ను ప్రేమించాయి. అందులో అనుమానం లేదు. నా గాజుల చప్పుడు వినపడితే చాలు పరుగెత్తుకొచ్చేవి. కొన్నాళ్లకు పరుగు నడకైంది. ఇంకొన్నాళ్లకు నడక కూడా తగ్గి, ఉన్నచోటే కూర్చుని నా వైపు మెడ తిప్పేవి. ఈకలు నిగనిగలాడేవి. నల్లపెట్ట అయితే గూడు తలుపులో పట్టక పక్కకు తిరిగి లోపలికి పోయేది. నేను మురిసిపోయాను. గుడ్లు మాత్రం నా మురిపెంతో కలిసి రాలేదు. ముందు చిన్నవయ్యాయి. తర్వాత ఒకరోజు గడ్డిలో చెయ్యి పెడితే పెంకు లేకుండా, నీళ్లు నింపిన తోలుతిత్తి లాంటిది మెత్తగా తగిలింది. ఎవరో చేతబడి చేశారనుకుని దాన్ని తీసుకెళ్లి బూడిద కుప్పలో పూడ్చిపెట్టాను. ఆ తర్వాత అది కూడా లేదు. నల్లపెట్ట రోజూ గంప కింద కూర్చుని, కాసేపు ఆలోచించి, లేచి వచ్చి అన్నం కోసం చూసేది.

సరిగ్గా అప్పుడే మిర్యాలగూడ నుంచి బండాయన కబురు తెచ్చాడు. "మీ ఆడబిడ్డకు కొడుకు పుట్టిండమ్మా. పిలగాడు మంచిగున్నడు గని, తల్లే బాగ నీరసమైంది. గుడ్లు ఎన్నుంటె అన్ని పంపుమన్నది మీ అత్త. సంత నాడు మళ్ల పోత, అప్పటికి కట్టి పెట్టు" అన్నాడు. ఇంట్లో ఉన్న గుడ్లు చూస్తే పెద్ద గంపలో ఒక మూలకు కూడా సరిపోవు. వంటింట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. గుడ్లకోసం ఏడ్చానో, మా ఆడబిడ్డ కోసం ఏడ్చానో, అత్తకు ఏం ముఖం చూపించాలని ఏడ్చానో చెప్పలేను. మొత్తానికి గట్టిగానే ఏడ్చి ఉంటాను, ఎందుకంటే వాకిట్లో మంచం కిర్రుమంది.

కాసేపటికి మా మామ గొంతు పెరట్లోంచి వినపడింది. "ఏమే నల్లదానా, గిట్ల తింటెట్లనే? వచ్చినప్పుడు ఎట్లున్నవ్, ఇప్పుడెట్లున్నవ్? పొద్దంత కూసోని తినుడే గని పని లేకపాయె." నేను నల్లగానే ఉంటాను. కాపురానికి వచ్చాక కొంచెం ఒళ్లు చేసిన మాటా నిజమే. ఏనాడూ పల్లెత్తు మాట అనని మామ ఇంత మాటన్నాడంటే ఆయన కడుపులో ఎంత కోపం ఉందో అనుకుని, ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం మా ఆయన వచ్చి, "ఏందే, తినకుంట కూసున్నవ్?" అంటే, వెక్కుతూ సంగతంతా చెప్పాను. ఆయన నోట్లో ముద్ద గొంతుకు అడ్డం పడేదాకా నవ్వి, కడుపు పట్టుకుని వాకిట్లోకి పోయి తండ్రికి చెప్పాడు.

మర్నాడు పొద్దున మా ఆయన దుకాణానికి పోయాక మా మామ మంచం పెరటి వైపు జరుపుకున్నాడు. నేను వంటింటి తలుపు వెనక ఉన్నానని ఆయనకు తెలుసు. గొంతు సవరించుకుని, ఒక్కో మాటా అచ్చు గుద్దినట్టు అన్నాడు. "ఓ కోడీ. నేను మాట్లాడేది నీతోని. కోడితోని. నల్లపెట్టతోని. ఇంకెవ్వరితోని కాదు." కొంచెం ఆగి మళ్లీ, "నీకు మెత్తటి బువ్వ ఎక్కువైంది. తిరుగుడు తక్కువైంది. కడుపుల కొవ్వు పేరుకుంటె గుడ్డుకు జాగేడ ఉంటది?" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. సంగతి అర్థమైంది గానీ జవాబు ఎలా చెప్పాలి. మామతో మాట్లాడకూడదు. నల్లపెట్టతో మాట్లాడదామంటే అది ఆయన మనిషి అయిపోయింది. తలుపు పక్కనే పుంజు నిలబడి ఉంది. ఎర్ర జుట్టు, నిటారు మెడ, చూస్తే మామలాగే పెద్దమనిషి తరహా. దాన్ని ఉద్దేశించి, కొంగు సర్దుకుని, "మరి ఇప్పుడు ఏం చెయ్యాలండీ?" అన్నాను. మా పుట్టింటి మర్యాద పుంజుకు కూడా తగ్గించలేదు. మంచం మీది నుంచి చిన్న దగ్గు వినపడింది. అది నవ్వని తర్వాత తెలిసింది.

అలా మొదలైంది మా సంభాషణ. ఆయన పెట్టతో చెప్పేవాడు, నేను పుంజును అడిగేదాన్ని. "నల్లదానా, ఆ తడికెలు పీకేస్తె నువ్వు బయట తిరిగి పురుగు పుట్ర తింటవు, కూరాకు తింటవు. గుడ్డు లావైతది." "గద్ద వస్తే ఎలాగండీ పుంజుగారూ?" "నేనిక్కడ్నే కట్టె పట్టుకోని కూసుంట. కండ్లు కనపడకున్న గద్ద నీడ తెలుస్తది నాకు." "పెంకు లేకుండా పెడుతున్నాయి, ఎవరైనా ఏమైనా చేశారేమోనండీ." "ఎవ్వరు ఏం చెయ్యలె. కడుపుల సున్నం లేక గట్లైతది. చెరువు గట్టు కాడ నత్తగుల్లలుంటయ్, ఎండబెట్టి దంచి పెడితె సాలు. గుడ్డు పెంకులైనా సరే, కాల్చి పొడిజేసి పెట్టాలె. ముక్కలు ముక్కలుగ ఏస్తె రుచి మరిగి తన గుడ్డు తనే పొడుస్తది." ఒకసారి మా ఆయన ఏదో మర్చిపోయి దారిలోంచి వెనక్కొచ్చి, గుమ్మంలో నిలబడి ఇదంతా విని, ఎవరికీ చెప్పకుండా అలాగే వెళ్లిపోయాడట.

నీళ్ల సంగతి కూడా అప్పుడే తెలిసింది. నేను పెట్టిన మూకుడు మధ్యాహ్నానికి ఎండలో కాగిపోతుండేది. "నీళ్లు సల్లగ లేకుంటె కోడి తాగది, తాగకుంటె గుడ్డు సిన్నగైతది. గుడ్డుల సగానికెక్కువ నీళ్లే కదా" అని నల్లపెట్టకు చెప్పాడు. నేను మూకుడు తీసి నీడలో, తడి గోనె మీద పెట్టాను. నూకల అన్నం ఆపేశాను. పొద్దున కొంచెం తవుడు తడిపి ముద్ద చేసి, సాయంత్రం గుప్పెడు జొన్నలు. అదే గుప్పెడు. నా గుప్పెడు చిన్నదని నాకు కొంచెం దిగులుగానే ఉండేది.

కానీ కోళ్లు మనం అనుకున్నరోజే మనసు మార్చుకోవు. సంత రోజు దగ్గరపడుతోంది, గంప ఖాళీగానే ఉంది. ఒక పొద్దున చూస్తే మామ మంచం మీద లేడు. చేతికర్ర లేదు, తలపాగా లేదు. నేను గాబరాపడి పుంజును అడిగాను గానీ అది ఏం చెబుతుంది. ఎండ దిగేవేళకు వచ్చాడు, కాళ్లనిండా దుమ్ము, భుజాన గుడ్డమూట. ఆ మోకాళ్లతో చివ్వెంల దాకా నడిచి, చుట్టాల ఇళ్లన్నీ తిరిగి గుడ్లు అడిగి తెచ్చాడు. మూట వసారాలో పెట్టి, "నల్లదానా, ఇవి నువ్వే పెట్టినవని బండాయనకు సెప్పుతున్న. నువ్వు కాదనకు" అని పోయి పడుకున్నాడు. గంపలో ఊక పోసి ఒక్కో గుడ్డూ పేర్చాను. ఆ రాత్రికి మా ఆయన చేత ఆయన మోకాళ్లకు ఆముదం రాయించాను. నేను రాయడానికి లేదు కదా.

ఆ తర్వాత వచ్చింది చెదల కుండ. కోడికి చెదలకు మించిన బలం లేదని మామ నమ్మకం. పాత కుండలో తడిపిన పేడ, గడ్డి కుక్కి, సాయంత్రం చెద పట్టిన నేల మీద బోర్లిస్తే, తెల్లారేసరికి లోపలంతా చెదలు ఎక్కి ఉంటాయి. అది తెచ్చి కోళ్ల ముందు దులపాలి. ఆ పని ఆయనే చేస్తానని పంతం పట్టాడు. ఒకరోజు పొద్దున నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తుండగా, మామ కుండను రొమ్ముకు హత్తుకుని పెరటి గుమ్మంలోంచి వస్తున్నాడు. కళ్లు సరిగ్గా ఆనవు కాబట్టి, చెదలు కుండ అంచు దాటి ఆయన చొక్కా మీదికి, అక్కడి నుంచి మీసాల దాకా పాకాయని ఆయనకు తెలియలేదు. కోళ్లకు తెలిసింది. ముందు గోధుమరంగు పెట్ట ఎగిరి చెయ్యి మీద వాలింది. తర్వాత నల్లపెట్ట, అంత బరువునూ మోసుకుని, ఎలా ఎగిరిందో గానీ ఆయన తలపాగా మీద దిగింది. ఆయన "హుష్, హుష్" అంటూ గిరగిరా తిరుగుతున్నాడు గానీ కుండ మాత్రం వదలడం లేదు.

నేను అలవాటు కొద్దీ పుంజు కోసం చూశాను. పుంజు ఆయన భుజం మీద ఉంది. అక్కడి నుంచి మీసాల్లోకి తొంగి చూస్తోంది. ఒక్క పోటు అటు పడితే కన్ను పోతుంది. ఇక నాకు చెప్పుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

"మామయ్యా, కళ్లు మూసుకోండి. కుండ కింద పడేయండి" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "ఏడ పడెయ్యాలె బిడ్డా?" అన్నాడు.

"ఎక్కడైనా పడేయండి. కాలి మీద వద్దు."

కుండ దూరంగా పడి పగిలింది. కోళ్లన్నీ ఆయన్ని వదిలేసి దాని మీద పడ్డాయి. నేను కొంగు ముఖం మీదికి లాక్కునే లోపే ఆయన దగ్గరికి పోయి, చొక్కా మీదివీ మీసాల మీదివీ చెదలు దులిపేశాను. అంతా అయ్యాక ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆయన ఒక వైపు తిరిగాడు, నేను ఇంకో వైపు తిరిగాను. ఆయన అటే తిరిగి అన్నాడు. "కోదాడోళ్ల గొంతు గట్టిదే." ఆ మాట ఏ కోడితో అన్నాడో నేను అడగలేదు.

ఆ నెల తిరిగేసరికి గంప నిండింది. గుడ్లు బత్తాయంత ఏం కాలేదు గానీ, చేతిలో పట్టుకుంటే బరువు తెలిసేది, పెంకు గట్టిగా ఉండేది. వారం వారం బండి మీద మిర్యాలగూడ పోయాయి. మా ఆడబిడ్డ లేచి తిరుగుతోందని కబురొచ్చింది. తర్వాత కొన్నాళ్లకు, రోడ్లు కాస్త నెమ్మదించాక, ఆమెనూ పిల్లవాడినీ వెంటబెట్టుకుని అత్త దిగింది. ముందుగా కబురు లేదు. ఆ సమయానికి నేనూ మామా పెరట్లో ఎదురెదురుగా నిలబడి, పొదిగే కోడికి తవుడు పెట్టొచ్చా కూడదా అని వాదించుకుంటున్నాము. నేను చేతులు కూడా తిప్పుతున్నాను.

అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె నేరుగా పోయి నల్లపెట్టను పట్టి, చంకన ఇరికించుకుని, పొట్ట కింద చెయ్యి పెట్టి చూసింది. గూట్లో గుడ్లు చూసింది, నీళ్ల మూకుడు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "పిలగాడు పుట్టినంక మొదటిపారి పంపిన గుడ్లు మన కోళ్లయి గావు. నేను గుర్తుపట్టనా. తర్వాత పంపినయ్ మనయే, మంచిగున్నయ్" అంది. నేను నేల చూస్తున్నాను. "మామతోని మాట్లాడుతున్నవా బిడ్డా?"

మామ ముందుకొచ్చాడు. "నేనే మాట్లాడుమన్న. కోళ్ల కోసం."

అత్త ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. వెనక నిలబడ్డ మా ఆడబిడ్డ పిల్లవాడి నెత్తి చాటున నవ్వు దాచుకుంటోంది. "కోళ్ల కోసమైతె సరే, మాట్లాడుకోండ్రి" అని అత్త లోపలికి పోయింది.

అలా నాకు అనుమతి వచ్చింది, కోళ్ల సంగతుల వరకే. దాన్ని మేమిద్దరం చాలా నిజాయితీగా పాటించాము. "కోళ్లకు నీళ్లు పెట్టాను మామయ్యా. చెంబు చేతిలోనే ఉంది, మీకూ ఇమ్మంటారా?" అనేదాన్ని నేను. "నల్లపెట్ట తిన్నదా? సరే, ఇంట్ల అందరు తిన్నరా?" అనేవాడు ఆయన. అత్తకు అన్నీ వినపడేవి. ఆమె విననట్టు చేటతో గట్టిగా చెరిగేది.

ఒక మధ్యాహ్నం నేను గుమ్మంలో కూర్చుని కూర తరుగుతున్నాను. కోళ్లన్నీ ఎటో మేతకు పోయాయి, పెరట్లో ఒక్కటీ లేదు. మామ మంచం మీద అటు తిరిగి పడుకుని, ఉన్నట్టుండి అడిగాడు. "కోదాడ మీదికి మనసు పోతున్నదా బిడ్డా?" పెళ్లయ్యాక ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. కత్తిపీట పక్కన పెట్టి, "పోతుంది మామయ్యా" అన్నాను. ఆ వారమే మా ఆయన్ని దుకాణంలో సెలవు అడగమని, మా ఇద్దరినీ కోదాడ బస్సు ఎక్కించాడు. నా చేతిలో గుడ్ల బుట్ట పెట్టి, "మీ నాయనకియ్యి. మీ బిడ్డ పెంచిన కోళ్లయని సెప్పు" అన్నాడు.

ఇంట్లో మనుషులకు మేలు చేశారని నోటితో చెప్పే అలవాటు ఆ రోజుల్లో లేదు. తిరిగొచ్చిన రోజు గుడ్ల పులుసు చేశాను, మామ రెండోసారి అడిగి వేయించుకున్నాడు, అంతటితో సరిపోయిందనుకున్నాము ఇద్దరమూ. ఇప్పుడు ఆయన వయసు దాటి చాలా దూరం వచ్చాను. నా మాట ఏ ఊరిదో నాకే తెలియనంతగా కలిసిపోయింది, పైగా అది మొదలైతే ఆగడం లేదంటారు ఇంట్లో వాళ్లు. నేను చెబుతుంటే మనవలు ఒక్కొక్కరే పని గుర్తొచ్చినట్టు లేచి పోతారు. పోనీలే అనుకుంటాను. పదహారేళ్లప్పుడు నేను తలుపు వెనక నోరు మూసుకుని ఉంటే, మోకాళ్ల నొప్పులతో మంచం జరుపుకుని దగ్గరికొచ్చి, నా మాట విన్న మనిషి ఒకాయన ఉండేవాడు. ఈ జన్మకు ఆ వినడం చాలు.